స్పెల్‌బీ ఫైనల్‌కు పంపాలా? పాప ‘మీ ఇష్టం’ అంటోంది

వరంగల్ కాశిబుగ్గ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు బయట పెట్టవద్దని కోరారు. ఆమె భర్త ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆమె ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతారు. ఏడో తరగతి చదివే కూతురు, మూడో తరగతి చదివే కొడుకు ఉన్నారు. ఒక ప్రైవేటు సంస్థ దేశమంతటా బడిపిల్లలకు నిర్వహించే ఇంగ్లిష్ స్పెల్లింగ్ పోటీలో ఆ అమ్మాయి బడిలోనూ, జిల్లాలోనూ నెగ్గి, హైదరాబాద్‌లో జరిగిన రాష్ట్రస్థాయి పోటీలో నాలుగో స్థానంలో నిలిచి, డిసెంబరు రెండో వారంలో ఢిల్లీలో జరిగే ఫైనల్‌కు ఎంపికైంది. పాపకూ, వెంట వచ్చే ఒక పెద్దవారికీ కలిపి ప్రయాణం, బస, భోజనాల ప్యాకేజీ కింద 42 వేల రూపాయలు నవంబరు 10లోగా కట్టాలని నిర్వాహకులు చెప్పారు. ఆ ఇంట్లో చేతికందే డబ్బు ఒక్కటే ఉంది, ఆమె కట్టుకుంటూ వచ్చిన 50 వేల చిట్టీ. అది వర్షానికి కురుస్తున్న వెనక గది రేకులు మార్చడానికని దాచుకున్నది. “స్పెల్లింగులు ఫోనే దిద్దుతున్నది, దానికోసం ఢిల్లీ దాకా ఎందుకు?” అని భర్త అంటున్నారు. అమెరికాలో డాలస్‌లో ఉన్న మరిది సగం ఖర్చు తాను పెట్టుకుంటానని ఫోన్ చేశారు, ఆ మాటతో భర్త ఇంకా బిగుసుకుపోయారు. పాపను అడిగితే “మీ ఇష్టం” అంటోంది.

ఉత్తరం చివర ఎనిమిది పంక్తుల్లో ఆమె ఇంకో సంగతి రాశారు. ఆమె పరకాల దగ్గరి పల్లెలో తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివారు. రెండేళ్లుగా రాత్రి అన్నాలయ్యాక పాపకు మాటలు చదివి వినిపించింది ఆమే. పొడుగు నోట్‌బుక్కులో గీతలు గీసి, ఇంగ్లిష్ మాట, పక్కన దాన్ని పలికే తీరు తెలుగు అక్షరాల్లో, ఆ పక్కన అర్థం రాసుకుని మరీ అడిగేవారు. హైదరాబాద్‌లో హాలు బయట మరో అమ్మాయి తల్లి “మీ పాపకు ఏ మాట వచ్చింది?” అని అడిగితే, ఈమె తన నోట్‌బుక్కులో రాసుకున్నట్టే “రెండెజ్‌వస్” అన్నారు. పక్కనున్న పాప నవ్వేసి, “మా మమ్మీకి రాదాంటీ, అది రాన్దేవూ, నన్నడగండి” అంది. ఆ రోజు నుంచి తల్లి ఆ నోట్‌బుక్కు తీయలేదు, పాప తీయమనలేదు. “నేను వెంటపోతే దానికి నామోషీ. పోకుంటే నాకు మనసొప్పదు. ఏం చేయమంటారు?” అని ముగించారు.

అమ్మా,

మీరు నన్ను అడిగినది పంపాలా వద్దా అని. కానీ మీ ఉత్తరాన్ని రెండోసారి చదివేసరికి అందులో డబ్బు సంగతి ఒకటి, అన్నదమ్ముల పట్టింపు ఒకటి, మీకూ పాపకూ మధ్య మాట ఆగిపోవడం ఒకటి, మూడూ విడివిడిగా కనిపించాయి. ఈ మూడింటినీ కలిపి ఆలోచిస్తున్నంత కాలం ఏది తేల్చినా మిగతా రెండూ అడ్డం వస్తాయి. కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం. డబ్బు సంగతి ముందు చూస్తాను, అది మీరు అనుకుంటున్నంత కష్టమైనది కాదు.

ముందుగా ఈ పోటీ విలువ ఎంతో ఇంట్లో అందరూ ఒకే తీరుగా అనుకోవడం అవసరం. మీవారు దాన్ని మరీ తక్కువగా, మీ మరిది మరీ ఎక్కువగా చూస్తున్నారు. మీ మరిది చెప్పే లోకం నిజమే, అయితే అది అక్కడిది. అమెరికాలో జాతీయ స్పెల్లింగ్ పోటీ 1925లో లూయివిల్ నగరంలోని ఒక దినపత్రిక చొరవతో, తొమ్మిది మంది పిల్లలతో మొదలైంది. ఆ ఏడాది ఫ్రాంక్ న్యూహౌసర్ అనే అబ్బాయి ‘గ్లాడియోలస్’ అన్న పూలమొక్క పేరుతో గెలిచాడు. 1985లో బాలు నటరాజన్ గెలిచాక అక్కడి మనవాళ్ల ఇళ్లలో ఈ పోటీ ఒక ఆనవాయితీగా మారింది. మన దేశంలోని పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పుల కోసం నిధులు కూడగట్టే నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ 1989లో మొదలై, 1993 నుంచి అక్కడి భారతీయ పిల్లలకు ఇలాంటి పోటీలు పెడుతూ వస్తోంది. అంటే అక్కడి పిల్లవాడికి చిన్నప్పటి నుంచే మెట్టు తర్వాత మెట్టు ఉంది, గంటకింత చొప్పున డబ్బు తీసుకుని నేర్పే కోచ్‌లున్నారు. 2019లో ఎనిమిది మంది పిల్లలు ఒక్క తప్పూ లేకుండా రౌండు తర్వాత రౌండు చెప్పేస్తూ పోతే, నిర్వాహకులు చేతులెత్తేసి ఎనిమిది మందినీ విజేతలుగా ప్రకటించవలసి వచ్చింది, వారిలో ఏడుగురు భారతీయ సంతతి పిల్లలే. మీ పాప ఎక్కిన మెట్లు వీటికి సంబంధించినవి కావు. మీరు జతచేసిన కరపత్రం ప్రకారం ఇది ఇక్కడి ఒక సంస్థ సొంతంగా నడుపుకునే పోటీ. ఢిల్లీలో గెలిచినా అక్కడితో సరి.

ఈ పోటీ పదో తరగతి మార్కుల్లో కలవదు, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకులోనూ కలవదు. ఈ మాటను మీవారి ముందు మీరే ఒప్పుకోండి, మీ వాదన బలహీనపడదు. ఆయన మాటలో సగం నిజం ఉంది, అక్షరదోషాలు దిద్దడానికి నిజంగానే ఫోను చాలు. అయితే పోటీలో పిల్లలు నేర్చేది అక్షరాల వరుస ఒక్కటే కాదు. వేదిక మీద మాట చెప్పగానే పిల్లకు కొన్ని ప్రశ్నలు అడిగే హక్కు ఉంటుంది: దాని అర్థమేమిటి, ఏ భాష నుంచి వచ్చింది, నామవాచకమా క్రియా, వాక్యంలో ఎలా వాడతారు, ఇంకో ఉచ్చారణ ఏమైనా ఉందా అని. పెద్ద వెబ్‌స్టర్ నిఘంటువులో 4 లక్షల 70 వేలకు పైగా పదాలున్నాయి, వాటిని బట్టీ కొట్టడం ఎవరి తరమూ కాదు. ఫ్రెంచి మాటలో చివరి అక్షరాలు పలకకుండా వదిలేస్తారని, గ్రీకు మాటలో ‘ఫ’ శబ్దానికి పి, హెచ్ రాస్తారని పట్టుకుని, తెలియని మాటను తెలిసినదాని సాయంతో కట్టుకుంటారు. పరాయి మనుషుల ముందు నిలబడి, తెలియనిదాన్ని తొందరపడకుండా ప్రశ్నించి, ఆ తర్వాతే నోరు విప్పడం పన్నెండేళ్ల పిల్లకు చిన్న విద్య కాదు. ఆ విద్య మీ పాపకు ఇప్పటికే కొంత వచ్చింది, ఢిల్లీ వెళ్లకపోయినంత మాత్రాన పోదు. ఢిల్లీ దానికి కలిపేది ఒక పెద్ద వేదిక, ఊళ్లు దాటిన తోటి పిల్లల పరిచయం, కొంత ధైర్యం. దానికి 42 వేలు ఎక్కువా కాదా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. నా మట్టుకు, కురిసే గది రేకుల డబ్బుతో పోల్చితే ఎక్కువే.

అయితే 42 వేలే కట్టాలని ఎక్కడుంది? మీ కరపత్రం రెండో పేజీలో, అడుగున చిన్న అక్షరాల్లో, ‘స్వయంగా వసతి ఏర్పాటు చేసుకునేవారు రిజిస్ట్రేషన్ రుసుము మాత్రం చెల్లించవచ్చు’ అని ఉంది. మీరు దీన్ని చూసినట్టు లేదు, ఫోన్‌లో మాట్లాడిన మనిషీ చెప్పినట్టు లేదు. చెప్పకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు, ఇలాంటి పోటీలు నడిచేదే ప్యాకేజీల మీద. ఆ రుసుము ఎంతో రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా తెప్పించుకోండి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి ఢిల్లీలో ఉంటారు. స్లీపర్ టికెట్లు ఇద్దరికీ పోనూ రానూ కలిపినా ప్యాకేజీలో చాలా చిన్న భాగమే. రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి తెరుస్తున్నారు కనుక మీ తేదీలకు ఇప్పటికే తెరిచే ఉంటాయి, ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే దిక్కు. ఈ దారిలో వెళ్తే మీకు తెలియని ఊళ్లో గది వెతుక్కోవడం, హాలు దాకా ఆటో బేరాలు, ఆ చలిలో పిల్లను లేపి తయారుచేయడం, అన్నీ మీ నెత్తిన పడతాయి. ప్యాకేజీలో ఆ బాధ ఉండదు, కానీ ఒకసారి కట్టిన డబ్బు ఏ కారణానికీ తిరిగి ఇవ్వరని అదే కరపత్రంలో ఉంది. పాపకు ప్రయాణం ముందు రోజు జ్వరం వచ్చినా అంతే.

ఇక మూడో దారి, ఈ ఏడాది ఊరుకోవడం. పాప ఏడో తరగతి. చాలా స్పెల్లింగ్ పోటీల్లో ఎనిమిదో తరగతి దాకా అవకాశం ఉంటుంది, అమెరికా పోటీలోనూ అదే హద్దు. మీ కరపత్రంలో కూడా ‘ఆరు నుంచి ఎనిమిది’ అని ఒకే విభాగం ఉంది, అంటే వచ్చే ఏడాది ఇంకోసారి కూర్చోవచ్చు. అయితే ఊరుకోవడంలోనూ నష్టం ఉంది. వచ్చే ఏడు మళ్లీ బడి నుంచి మొదలుపెట్టాలి, రాష్ట్రస్థాయిలో మళ్లీ నాలుగో స్థానం వస్తుందని ఎవరూ చెప్పలేరు. పిల్ల ఆ ఏడాదికి ఆసక్తి మార్చుకోనూవచ్చు. ఇదంతా తెలిసి ఊరుకోవడం వేరు, ‘వచ్చే ఏడాది తప్పకుండా పంపుతాం’ అని ఆశ పెట్టి ఊరుకోవడం వేరు. రెండోది చేయవద్దు.

మీ మరిది ఇస్తానన్న సగం గురించి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కాని ఏం జరిగిందో చూడండి. తమ్ముడు నేరుగా వదినకు ఫోన్ చేసి అన్న కూతురి ఖర్చు పంచుకుంటానన్నాడు, అన్నకు ఆ సంగతి మీ నోటి ద్వారా తెలిసింది. పత్తి సీజన్లో తెల్లవారకముందే మార్కెట్‌కు వెళ్లి, బస్తాల లెక్కలు, చిట్టాలు చూసుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి ఆ మాట ఎక్కడ తగిలి ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఆయన పోటీని కాదంటున్నారా, తమ్ముడి పైసను కాదంటున్నారా అన్నది నాకు అనుమానమే. ఆ డబ్బు అక్కర్లేదని ముందే తేల్చేసి అప్పుడు పోటీ సంగతి ఎత్తితే ఆయన మాట మారవచ్చు, మారకపోనూవచ్చు. మారకపోతే ఆయన అభ్యంతరం నిజంగా ఖర్చు గురించేనని తెలుస్తుంది, ఖర్చు గురించైతే మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది. డబ్బు తీసుకోవాలనే మీరిద్దరూ అనుకుంటే, అడిగేదీ పుచ్చుకునేదీ మీవారే కావాలి, మీరు మధ్య నుంచి తప్పుకోవాలి.

ఇప్పుడు పాప ‘మీ ఇష్టం’ దగ్గరకు వస్తున్నాను. మీరు దీన్ని ‘దానికి పెద్దగా ఆశ లేదు’ అని చదువుకున్నారు. నేను అలా చదవలేకపోతున్నాను. ఇంటి నిండా ఖర్చు గురించిన మాటలు వింటున్న పిల్లను, ఆ ఖర్చు ప్రస్తావనతోనే ‘పోతావా మరి?’ అని అడిగితే, బుద్ధి ఉన్న పిల్ల ఎవరైనా అదే అంటుంది. అది డబ్బుకు చెప్పిన జవాబు, పోటీకి కాదు. దీని వెనక ఇంకొకటి కూడా ఉందనిపిస్తోంది, ఇది నా ఊహే, మీకు నిజమనిపిస్తేనే తీసుకోండి. రెండేళ్లు ప్రతి రాత్రీ తెరుచుకున్న నోట్‌బుక్కు హైదరాబాద్ నుంచి వచ్చాక మూతపడింది. ఎందుకో మీకు తెలుసు. పాపకు తెలుసా? తాను అన్న మాటకు అమ్మ నొచ్చుకుందని దానికి తెలిసి ఉంటే, ఎలా తీసుకోవాలో తెలియక బిగదీసుకుని ఉంటుంది. తెలియకపోతే, నాలుగో స్థానమే వచ్చిందని అమ్మకు మొహం మొత్తిందనో, ఇంకేదో అనుకుని ఉంటుంది. ఏదైనా సరే, పరీక్ష పెట్టే మనిషే పక్కకు జరిగాక పరీక్ష రాసేవాళ్లు ఇంకేమంటారు?

అందుకని ఆ ఆంటీ ముందు పడిన మాట గురించి కాస్త నింపాదిగా ఆలోచించండి. పాప చేసింది తప్పే. పన్నెండేళ్ల పిల్లకు తల్లి తెలియనితనం బయటివాళ్ల ముందు చెప్పకూడదని తెలియాలి, తెలియకపోతే మీరే చెప్పాలి. అయితే అదే పిల్ల అప్పుడే వేదిక దిగి వచ్చింది, తాను సరిగ్గా చెప్పిన మాట అది, పక్క తల్లి ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడుతోంది. ఆ క్షణంలో అది మిమ్మల్ని తక్కువ చేయడానికంటే తనను తాను ఎక్కువ చేసుకోవడానికే నోరు జారినట్టుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మీరు దాన్ని మందలించవచ్చు, దాని వయసును క్షమించవచ్చు, ఒకటి చేస్తే ఇంకొకటి మానాలని లేదు.

చెప్పడమా, ఊరుకోవడమా అన్నది మీ చేతిలో ఉంది. ఊరుకుంటే గాయం కాలంతో మానుతుందేమో గాని, ‘అమ్మ ముందు ఇంగ్లిష్ మాట్లాడకూడదు’ అన్న ఒక అలవాటు పిల్లలో మిగిలిపోవచ్చు. ఇంగ్లిష్ మీడియం పిల్లలున్న చాలా ఇళ్లలో ఇది చూస్తున్నాం, పిల్లలు పై తరగతులకు వెళ్లేకొద్దీ బడి సంగతులు ఇంట్లో చెప్పడమే మానేస్తారు. చెప్పదలుచుకుంటే మాత్రం ఢిల్లీ నిర్ణయం జరిగే రోజున చెప్పకండి, అది శిక్షలా వినిపిస్తుంది. విడిగా, పాప తమ్ముడు దగ్గర లేనప్పుడు, “ఆ రోజు నలుగురిలో నువ్వట్లంటే నాకు చిన్నతనమైంది” అని ఒక్క మాట చెప్పి ఆపండి. రెండేళ్ల కష్టం, నిద్ర మానుకున్న రాత్రులు అన్నీ ఏకరువు పెడితే పిల్ల క్షమాపణ చెప్తుంది, కానీ ఆ క్షమాపణ మీకు రుచించదు. ఒక్క మాటకు అది ఏమంటుందో చూడండి. ఏమీ అనకుండా లేచిపోయినా కంగారుపడకండి, రెండు రోజులాగండి.

మీ ఉచ్చారణ సంగతి నిజంగానే ఒక సమస్య, దాన్ని సిగ్గుతో కాక పనిగా చూడాలి. వేదిక మీద మాట చెప్పే మనిషి పలుకును బట్టే పిల్ల అక్షరాలు కట్టుకోవాలి. ఇంట్లో వేరే పలుకు విని, అక్కడ వేరే పలుకు వింటే తడబడుతుంది. అమెరికా పోటీలో ఆ పని చేసే జాక్ బెయిలీ 1980లో తానే ఆ పోటీ గెలిచినవాడు, గ్రీకు, లాటిన్ చెప్పే ఆచార్యుడు. అంతటి పని వరంగల్‌లో మిషను కుట్టే తల్లి చేయలేకపోతే అది లోటు కాదు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు వెబ్‌సైట్‌లో మాట పక్కన గుర్తు నొక్కితే పలికి వినిపిస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు. పలికే పని ఫోనుకు వదిలేయండి. (మీవారు ఫోను గురించి అన్న మాట ఇక్కడ పనికొచ్చింది.) నోట్‌బుక్కులో మధ్య గడి ఇక అక్కర్లేదు. దాని బదులు అక్కడ ఆ మాట ఏ భాష నుంచి వచ్చిందో రాయండి. పాప అడిగితే భాషా, అర్థమూ మీరు చెప్పండి, అది అడగకుండా అక్షరాలు మొదలుపెడితే ఆపండి.

ఆ ఆపడమే ఎంత పెద్ద పనో ఒక ఉదాహరణ చెప్తాను. 2025లో అమెరికా పోటీ గెలిచిన ఫైజాన్ జకీ, అంతకు ముందు ఏడాది రెండో స్థానంలో ఆగిపోయిన పిల్లవాడు. 2025 ఫైనల్లో అతనికి కప్పు చేతికందే దూరంలో ‘కొమెలినా’ అన్న మాట వచ్చింది. అదొక మొక్కజాతి పేరు, మన పత్తి చేలల్లోనూ దాని బంధువులు కలుపుగా మొలుస్తాయి. ఉత్సాహం ఆపుకోలేక, అడగవలసిన ప్రశ్నలేవీ అడగకుండా ‘కె, ఏ, ఎం’ అని మొదలుపెట్టాడు. అది ‘సి’తో మొదలయ్యే మాట. నాలుక కరుచుకునేలోగా తప్పని చెప్పే గంట మోగింది. మిగతా ఇద్దరూ అప్పటికే తప్పు చెప్పి ఉండటంతో పోటీలో నిలిచి, తర్వాత గెలిచాడు. మీ పాపకు ఈ సంగతి చెప్పండి, దొరికితే ఆ వీడియో కలిసి చూడండి. ‘ఆగు, అడిగి చెప్పు’ అనడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు.

వెంట ఎవరు వెళ్లాలన్నది ఆఖరున మిగిలింది. మీరు వెళ్లవచ్చు. అప్పుడు మీరిద్దరికీ రైల్లో బోలెడంత సమయం దొరుకుతుంది, దాన్ని సర్దుబాటుకో, ఎడమొహం పెడమొహానికో వాడుకోవడం ముందు జరిగే మాటల మీద ఆధారపడుతుంది. పత్తి సీజన్లో మీవారికి సెలవు దొరకడం కష్టమని మీరే రాశారు, అయినా ఒక్కసారి అడిగి చూడండి, ఈ రెండేళ్లలో ఆయనను ఎవరైనా అడిగారా అన్నది నాకు మీ ఉత్తరంలో కనిపించలేదు. బడి టీచరమ్మ ఎవరైనా వస్తామంటే ఖర్చు మీదే అవుతుంది, పాపకు ఇంగ్లిష్ ఇబ్బంది ఉండదు. కానీ ‘మమ్మీకి రాదు’ అన్న మాటకు మీరే ముద్ర వేసినట్టవుతుందని నా భయం. వేరే జిల్లా నుంచి ఎంపికైన కుటుంబంతో జత కలిపి పంపడం మాత్రం నాకు నచ్చదు, పన్నెండేళ్ల ఆడపిల్ల కదా. ఎవరు రావాలో పాపను కూడా అడగండి, ఖర్చు పేరెత్తకుండా, ఎవరి పేరూ ముందు చెప్పకుండా. అది మీ పేరు చెప్పకపోతే బాధ కలుగుతుంది. చెప్పినా, మొహమాటానికి చెప్పిందా అని అనుమానం కలుగుతుంది. రెండూ తట్టుకోగలనని అనుకున్నాకే అడగండి.

వెళ్లడమే నిశ్చయమైతే పోటీకి ఒక రోజు ముందే చేరేలా బయల్దేరండి, డిసెంబరులో ఉత్తరాదిన పొగమంచుకు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. స్వెట్టర్లు ఇక్కడివి చాలవు. తిరుగు టికెట్టు పోటీ ముగిసిన సాయంత్రానికే తీసుకోకండి. మొదటి రౌండులోనే గంట మోగిందనుకోండి, ఆ పిల్లను అప్పటికప్పుడు రైలెక్కిస్తే దారి పొడవునా ఆ ఒక్క మాటే నెమరేస్తుంది. ఒక పూట ఎర్రకోట చూపించి తీసుకురండి. సోమవారం మాత్రం అది మూసి ఉంటుంది, మీ తేదీలు చూసుకోండి.